నడుము కంటే ఒక సైజు పెద్దది

సదాశివరావు కాకినాడలో పుట్టి పెరిగినవాడు. సముద్రం ఇంటికి రెండు కిలోమీటర్లలో ఉన్న పాతికేళ్ళూ అందులో మోకాలి లోతు దాటి దిగిన పాపాన పోలేదు. తీరా యాభై మూడో ఏట, సముద్రమన్నది కలలోకైనా రాని, ఢిల్లీ పక్కనున్న వైశాలిలో, నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని, తెరచాప పడవకు వేలాడాలంటే నడుముకు ఏ పట్టీ కట్టుకుంటే సుఖంగా ఉంటుందా అని మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నాడు. నేల విడిచి సాము చేయకూడదని పెద్దలు ఊరికే అనలేదు. కానీ పెద్దల మాట వినే వయసు దాటిపోయింది మరి. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయనే పెద్ద.

ముందు ఆయన నడుము గురించి చెప్పాలి. ఆ ఇంట్లో అందరికంటే దానికే మర్యాద ఎక్కువ. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆయన ఉద్యోగం ఏమిటంటే, ఇతరుల పనిలో తప్పు ఎక్కడ జరగవచ్చో ముందే ఊహించి పట్టికలు వేయడం. పద్దెనిమిదేళ్ళు కుర్చీలో కూర్చుని లోకంలోని తప్పులన్నీ ఊహించాడు గాని, ఆ కుర్చీ తన వెన్నును ఏం చేస్తోందో మాత్రం ఊహించలేకపోయాడు. నిరుడు బాత్‌రూమ్‌లో బకెట్ ఎత్తబోయి అలాగే వంగి ఉండిపోయాడు. ఆరు వారాలు మంచం మీదే. కుంచమంత కూతురుంటే మంచం మీదే కూడు అంటారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. కూతురు పక్క గదిలోంచి ఫోన్‌లో ఆర్డరు పెట్టింది, డెలివరీ భయ్యా మంచం దాకా తెచ్చి ఇచ్చి వెళ్ళాడు.

ఆ ఆరు వారాలూ భార్య లీలావతి రోజుకు నాలుగుసార్లు అడిగింది, నొప్పి ఎలా ఉందని. ఆయన నాలుగుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. "ఏం లేదు." ఆ వంశంలో మగవాళ్ళకు నొప్పి రాదు. ఆయన తండ్రి కూడా రెండు పళ్ళు ఊడిన నాడు "ఏం లేదు" అన్నాడట, నోట్లో గుడ్డ పెట్టుకుని. వాళ్ళు ఏం లేదంటారు, ఆ తర్వాత ఆసుపత్రిలో చేరతారు, అక్కడ డాక్టరు అడిగితే అక్కడా ఏం లేదంటారు. దీన్ని వాళ్ళు ధైర్యం అనుకుంటారు.

ఇక కూతురు మైథిలి. ఇరవై ఏళ్ళు, కాలేజీలో చదువు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. మూడేళ్ళుగా, ఢిల్లీకి రెండు గంటల దూరంలో ఒక రిజర్వాయరు మీద ఉన్న చిన్న క్లబ్బులో కాటమరాన్ నడుపుతోంది. కాటమరాన్ అంటే రెండు సన్నటి పడవలను పక్కపక్కన కట్టి, మధ్యన వలగుడ్డ పరిచి, పైన ఇంత పెద్ద తెరచాప ఎత్తిన పడవ. గాలి కొడితే ఒక పక్కకు లేస్తుంది. లేచినప్పుడు బోల్తా పడకుండా, ఒక మనిషి నడుముకు పట్టీ కట్టుకుని, దాని కొక్కేన్ని స్తంభం పైనుంచి వచ్చే తీగకు తగిలించి, అంచు మీద కాళ్ళు ఆనించి, ఒళ్ళంతా బయటికి వేలాడాలి. ఆ పట్టీనే హార్నెస్ అంటారు. చిన్నప్పుడు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడితే చెంప పగలగొట్టిన దేశంలోనే, పెద్దయ్యాక నీళ్ళ మీద వేలాడితే కప్పు ఇస్తారు.

ఇన్నాళ్ళూ మైథిలితో అలా వేలాడిన ప్రవల్లిక సివిల్స్ కోచింగ్ కోసం లక్ష్మీ నగర్‌లో పీజీ గదికి వెళ్ళిపోయింది. దేశాన్ని ఒడ్డున పడేసే పని ముందు ఒక పడవ ఎంత. పడవకు మనిషి తక్కువయ్యాడు. ఏప్రిల్ మొదటి ఆదివారం పందెం. అది దాటితే రిజర్వాయరులో నీళ్ళు అడుగంటుతాయి, మళ్ళీ వానలు పడేదాకా పడవలు ఒడ్డునే.

ఒక ఆదివారం ఉదయం మైథిలి హాల్లోకి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"పాపా, ఆప్‌కా వెయిట్ కిత్‌నా హై?"

"డెబ్బై ఎనిమిది," అన్నాడు సదాశివరావు, మూడు కిలోలు ఇంటి పరువు కింద తగ్గించి.

"పర్ఫెక్ట్!" అంది మైథిలి. "రేస్ కే లియే ముఝే క్రూ చాహియే. ఆప్ ఆఓగే?"

ఆయన బరువును చూసి పర్ఫెక్ట్ అన్న మనిషి ఈ భూమ్మీద అంతవరకూ లేడు. కానీ ఆయన నిటారుగా కూర్చున్నది అందుకు కాదు. గత నాలుగేళ్ళలో ఆ పిల్ల తండ్రిని నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఓటీపీ. అదీ గుమ్మం అవతలి నుంచి. ఇప్పుడు మనిషి కావాలంటోంది. ఆయన కాదంటే లా చదివే కుర్రాడు ఉదయ్‌కిరణ్ సిద్ధంగా ఉన్నాడట.

"ఆఁ, దానికేముంది," అన్నాడు సదాశివరావు.

వంటింట్లోంచి లీలావతి బయటికి వచ్చింది. "దానికేముందా? నడుముంది! ఈసారి మంచం ఎక్కారంటే నేను మా అక్క దగ్గరికి పోతాను. మీకూ మీ పడవకూ ఓ దణ్ణం."

కాబట్టి సమస్య ఒకటే. నడుముకు నొప్పి తెలియని హార్నెస్ ఎన్నుకోవాలి. అది సరిగ్గా కుదిరితే కూతురు పక్కన ఆయన ఉంటాడు, లేకపోతే ఉదయ్‌కిరణ్ ఉంటాడు.

సదాశివరావు తన విద్యనంతా బయటికి తీశాడు. ఎక్సెల్ షీటులో పదిహేడు నిలువు వరుసలు వేశాడు. నడుముకు మాత్రమే చుట్టుకునే రకం, కూర్చునే పీటలా తొడలకింద ఆనేది, వీపంతా భుజాల దాకా పట్టుకునేది, ఒక్కొక్కదానికీ మార్కులు. ఢిల్లీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండు వందల పద్నాలుగు మంది ఉంటే అందరినీ ఒకేసారి సలహా అడిగాడు. ఒకరు నువ్వుల నూనె మర్దన చెప్పారు. ఒకరు ఢిల్లీలో సముద్రం ఎప్పుడొచ్చిందని అడిగారు. జనక్‌పురి నుంచి ఒకాయన, ఆపరేషన్ క్షేమంగా జరగాలని దేవుణ్ణి ప్రార్థిస్తున్నానన్నాడు. ఆ వెనకే పదకొండు మంది చేతులు జోడించారు.

పనికొచ్చే మాట చెప్పింది ఒక్కడే, క్లబ్బులో నేర్పే సాయిప్రకాష్. విశాఖపట్నం వాడు, నేవీలో చేసి రిటైరయ్యాడు.

"చూడండి గురూగారూ, మీకు వీపంతా పట్టుకునేదే కావాలి. నడుం కాడ గట్టి పలక ఉండాల. తొడలకి పట్టీలుండాల, లేకపోతే పైకి జారిపోద్ది. కొక్కెం బొడ్డు కాడే ఉండాల. అన్నిటికన్నా ముఖ్యం, బిగుతు. పొడిగా ఉన్నప్పుడు అబ్బా ఎంత బిగుతో అనిపించాల. నీళ్ళలో తడిస్తే ఎలాగూ సాగుద్ది. అర్థమైందా?"

"అర్థమైందండీ," అన్నాడు సదాశివరావు. షీటులో రాసుకున్నాడు కూడా. పద్నాలుగో వరుస, బిగుతు.

రకం సరైనదే ఎన్నుకున్నాడు, కాదనడానికి లేదు. ఇక కొలత. లీలావతిని టేపు అడగడం నామోషీ అనిపించి, ఫోను ఛార్జరు వైరు నడుముకు చుట్టి, ఆ వైరును మైథిలి పాత స్కేలుతో కొలిచాడు. అదీ పైజామా మీద, ఆదివారం భోజనం చేశాక. ముప్పై ఏడున్నర అంగుళాలు వచ్చింది. ముప్పై ఎనిమిది దాకా మీడియం అని కంపెనీ వాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. సదాశివరావు లార్జ్ ఆర్డరు చేశాడు.

ఎందుకంటే, ఆయన పుట్టింది ఒక సైజు పెద్దది కొనే ఇంట్లో. ఆరో తరగతిలో కుట్టించిన చొక్కా పదో తరగతి దాకా రావాలి. పదో తరగతిలో సరిపోతుంది, అదే వారం చిరుగుతుంది. బూట్లలో ముందు దూది, తర్వాత కాళ్ళు. పెళ్ళి సూటు కూడా ఆ లెక్కనే కుట్టించారు, అది నిరుటి నుంచే ఆయనకు సరిగ్గా సరిపోతోంది. కొన్న ఏడాదే సరిపోయే బట్ట అంటే ఆ ఇంట్లో దుబారా కింద లెక్క. పైగా ఆయన దృష్టిలో సుఖం అంటే వదులు, వదులు అంటే లుంగీ.

పార్సిలు వచ్చింది. పరీక్ష బాల్కనీలో. అక్కడ పైకప్పుకు ఒక ఇనుప కొక్కెం ఉంది. ఫ్లాటు కొన్న కొత్తలో లీలావతి ఉయ్యాల కోసం వేయించుకుంది. ఉయ్యాల రాలేదు, బట్టలారేసే తాడు వచ్చింది. సదాశివరావు ఆ తాడు విప్పి, మంచి తాడు కట్టి, హార్నెస్ తొడుక్కుని, గోడకు కాళ్ళు తన్నిపెట్టి వేలాడాడు. వీపుకూ పట్టీకీ మధ్య స్కూలు బ్యాగు పట్టేంత ఖాళీ. దానికేముంది? ఆఫీసు కుర్చీలో పెట్టుకునే నడుము దిండు తెచ్చి అందులో కుక్కాడు. తొమ్మిది సెకన్లు వేలాడాడు. ఆహా, స్వర్గం.

ఎదుటి బాల్కనీలో ఆంటీ మొక్కలకు నీళ్ళు పోయడం ఆపేసింది. "భాయ్ సాబ్, సబ్ ఠీక్ హై?"

"ఠీక్ హై జీ! స్పోర్ట్స్ హై!"

తడిబట్టల బకెట్‌తో వచ్చి, తాడు లేక నిలబడిపోయిన లీలావతి ఒక్క మాట అంది. "అది మీ వీపుకు ఆనట్లేదండీ. దిండు ఆనుతోంది."

"ఇది టెక్నికల్ లీలా, నీకు తెలీదు."

లీలావతి పన్నెండేళ్ళుగా వైశాలిలోని తెలుగు ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతోంది. ఒంటికీ బట్టకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో ఆమెకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. రెండు వందల పద్నాలుగు మందిని అడిగిన పెద్దమనిషి, పక్క గదిలో మెడలో టేపుతో తిరిగే మనిషిని అడగలేదు. ఆమె తడిబట్టలు కుర్చీల మీద ఆరేసుకుంది. షీటులో సుఖం అనే వరుసకు తొమ్మిది మార్కులు పడ్డాయి.

మార్చి మొదటి ఆదివారం రిజర్వాయరు దగ్గర సాయిప్రకాష్ ఆయన నడుము దగ్గర పట్టీ పట్టుకుని లాగాడు. రెండు పిడికిళ్ళూ లోపలికి దూరాయి.

"ఇది మీదేనా, మీ అన్నగారిదా?"

"తడిస్తే బిగుస్తుంది లెండి," అన్నాడు సదాశివరావు. బట్ట గురించి విన్నది హార్నెస్‌కు అంటగట్టి.

"పాపా, కహీ పెయిన్ తో నహీ?" అంది మైథిలి చుక్కాని పట్టుకుని.

"ఏం లేదు."

గాలి అందుకుంది. పడవ ఒక పక్కకు లేచింది. మైథిలి "అవుట్!" అని అరిచింది. సదాశివరావు కొక్కెం తగిలించుకుని బయటికి వేలాడాడు. మొదటి నిమిషం ఆయన జీవితంలోనే గొప్ప నిమిషం. కూతురు పక్కనే ఉంది, ముఖం మీద నీళ్ళు చిమ్ముతున్నాయి, ఆఫీసు లేదు. రెండో నిమిషంలో హార్నెస్ పైకి జారడం మొదలుపెట్టింది. బొడ్డు దగ్గర ఉండాల్సిన కొక్కెం రొమ్ము దగ్గరికి వచ్చింది, భుజాల పట్టీలు చెవుల దాకా లేచాయి. దిండు మాత్రం కొండంత అండగా ఉండిపోయింది, అయిదు లీటర్ల నీళ్ళు తాగి.

"పాపా, ఓకే?"

"ఏం లేదు."

"పాపా?"

"ఏం... లేదు."

మూడోసారి అడిగినప్పుడు జవాబు రాలేదు. నడుములో ఏదో పట్టేసింది, ఊపిరి కూడా అక్కడే ఆగింది. మైథిలి తెరచాప వదిలేసి, పడవ ఆపి, తండ్రి చంకల కింద చేతులు వేసి వలగుడ్డ మీదికి లాక్కుంది. ఒడ్డుకు వచ్చేదాకా ఆయన బోర్లా పడుకునే ఉన్నాడు. సాయిప్రకాష్ దిండును పిండాడు, బకెట్ నిండింది.

వెనక్కి వచ్చేటప్పుడు కారు మైథిలే నడిపింది. ఢిల్లీ పొలిమేరల్లో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆ పిల్ల ముందుకే చూస్తూ అంది. "పాపా, మై ఉదయ్‌కిరణ్ కో బోల్ దేతీ హూఁ."

"మంచిదేనమ్మా," అన్నాడు సదాశివరావు. "నాకేం లేదు."

ఉదయ్‌కిరణ్‌కు చెప్పేస్తానన్న ఆ మాటే నడుము కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. కిటికీ వైపు తిరిగి, ఎప్పుడూ చూడని ఫ్లై ఓవరును తొలిసారి చూస్తున్నవాడిలా చూశాడు.

నాలుగు రోజులు మంచం మీద ఉన్నాడు. ఫిజియోథెరపీ ఆవిడ, కండరం పట్టిందే గాని ఎముకకు ఏమీ కాలేదని, పది రోజుల్లో మామూలవుతుందని చెప్పింది. అయిదో రోజు లేచి నిలబడ్డాడు. లీలావతి మెడలో టేపుతో గదిలోకి వచ్చింది. ఆమె అక్క దగ్గరికి పోలేదు. పోతుందని ఎవరూ అనుకోలేదు కూడా.

"చొక్కా ఎత్తండి."

"ఎందుకు?"

"ఎత్తమన్నానా!"

ఒంటి మీద కొలిచింది. నిలబెట్టి కొలిచింది, కూర్చోబెట్టి కొలిచింది, చేతులు పైకెత్తించి, పక్కకు వంచి కొలిచింది. ముప్పై ఆరు.

"మీడియం. అదీ అవతలి అంచుక్కాదు, మధ్యలో. నా దగ్గరికొచ్చే పదో తరగతి పిల్ల కూడా పైజామా మీద కొలత ఇవ్వదండీ."

సదాశివరావు నేల చూపులు చూశాడు.

"ఇంకో మాట చెప్తాను వినండి," అంది లీలావతి. "జాకెట్టు తొడిగాక నేనడుగుతాను, ఎక్కడ పట్టేస్తోందమ్మా అని. చెప్పినవాళ్ళకి విప్పి మళ్ళీ కుడతాను. ఏం లేదు అన్నవాళ్ళకి నేనేం కుట్టను? ఇరవయ్యారేళ్ళయింది మిమ్మల్ని అడగబట్టి."

ఆయన నోటి చివరికి వచ్చింది ఆ రెండు మాటలే, అవి మింగేశాడు.

లీలావతి పక్క గది తలుపు కొట్టింది. "మైథిలీ, ఆ కుర్రాడికి అప్పుడే చెప్పకు. ఒక్క పది రోజులు ఆగు."

మీడియం వచ్చింది. తొడిగితే అబ్బా అనిపించింది, సాయిప్రకాష్ చెప్పినట్టే. ఈసారి పరీక్ష పెట్టింది మైథిలి. "టెన్ మినిట్స్. నో పిల్లో." ఫోనులో టైమరు పెట్టి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. గుమ్మంలో లీలావతి. సదాశివరావు ఉయ్యాల కొక్కేనికి వేలాడాడు. ఎదుటి ఆంటీ ఈసారి కుర్చీ తెచ్చుకుంది.

మొదటి అయిదు నిమిషాలు బాగానే గడిచాయి. వీపంతా ఎవరో అరచేత్తో మోస్తున్నట్టుంది. ఆరో నిమిషంలో ఎడమవైపు, తుంటి పైన సన్నగా మొదలైంది. సదాశివరావుకు చెమట పట్టింది. చెబితే ఇక అయిపోయినట్టే, ఉదయ్‌కిరణ్ వస్తాడు. ఇంకో నాలుగు నిమిషాలు పళ్ళు బిగబట్టడం ఎంతసేపు? ఆయన తండ్రి అయితే నలభై నిమిషాలు ఉండేవాడు.

"పాపా, నొప్పి?" అంది మైథిలి. ఆ ఒక్క ముక్కా తెలుగులో అంది.

"ఏం..." అని ఆగాడు. గుమ్మంలో లీలావతి మెడలోని టేపు వైపు చూశాడు. "ఉందమ్మా. ఇక్కడ. ఎడమవైపు."

ఇక దిగిపోవచ్చని చెబుతుందేమోనని కళ్ళు మూసుకున్నాడు. మైథిలి లేచి వచ్చింది. వేలు పెట్టి వెతికి, ఎడమ తొడ పట్టీ రెండు అంగుళాలు వదులు చేసి, భుజం పట్టీ ఒక అంగుళం బిగించింది.

"అబ్?"

నొప్పి పోయింది. అంతే, ఒక పట్టీ. సదాశివరావు వేలాడుతూనే నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"ఉస్ దిన్ భీ బోల్‌నా థా, పాపా," అంది మైథిలి మళ్ళీ నేల మీద కూర్చుంటూ. "పిఛ్‌లే సాల్ భీ. మై రోజ్ దర్వాజే తక్ ఆతీ థీ. ఆప్ మమ్మీ కో 'ఏం లేదు' బోల్‌తే థే. ఫిర్ మై అందర్ ఆకే క్యా పూఛ్‌తీ?"

రోజూ గుమ్మం దాకా వచ్చేదట, ఆయన తల్లితో 'ఏం లేదు' అనడం విని, ఇక లోపలికొచ్చి ఏమడగాలని వెనక్కి పోయేదట. ఆ ఆరు వారాలూ అటువైపు తిరిగి పడుకుని, పిల్లకు తనంటే పట్టదని గోడతో మొరపెట్టుకున్న సంగతి ఆయనకు గుర్తొచ్చి, సిగ్గేసింది. ఇంకా మూడు నిమిషాలుంది. కొక్కేనికి వేలాడే మనిషి లేచి పోలేడు, టైమరు పట్టుకున్న పిల్ల కూడా పోలేదు. నాలుగేళ్ళలో వాళ్ళు అంతసేపు ఎదురెదురుగా ఉన్నది అదే. పది నిమిషాలు దాటాక టైమరు మోగితే మైథిలి దాన్ని ఆపేసి, ఇంకా ఏదో చెబుతూనే ఉంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం పందెం జరిగింది. ఏడు పడవల్లో వాళ్ళది ఆరోది. ఏడో పడవ బోల్తా పడింది కాబట్టి ఆరో స్థానం కూడా ఊరికే రాలేదనే చెప్పాలి. దారిలో మైథిలి మూడుసార్లు అడిగింది, ఆయన రెండుసార్లు ఫర్వాలేదన్నాడు, ఒకసారి నొప్పి అన్నాడు. నొప్పి అన్నప్పుడు ఆమె తిట్టుకోకుండా ఆయన్ని ఒక నిమిషం లోపలికి రమ్మంది, ఆ నిమిషంలో రెండు పడవలు దాటిపోయాయి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి లీలావతి మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు విప్పి కుడుతోంది. తలెత్తకుండానే, ఇరవయ్యారేళ్ళ అలవాటుగా అడిగింది.

"నడుం ఎలా ఉంది?"

"నొప్పిగా ఉంది లీలా," అన్నాడు సదాశివరావు, కప్పు గెలిచి తెచ్చిన గొంతుతో.

మిషను ఆగింది. లీలావతి లేచి వచ్చి ఆయన వెనక నిలబడింది.

"ఎక్కడ?" అంది.